మోతీని వెనక నుంచి పిలవకూడదు

మా అమ్మాయికి నా మీద ఒక ఫిర్యాదు ఉంది. వెనక నుంచి ఎంత పిలిచినా నేను తిరిగి చూడనంటుంది. నిన్న కూడా అదే గొడవ. గోపన్‌పల్లిలో మా అపార్టుమెంటు గేటు దాటి నేను బయటికి నడుస్తుంటే, నేను మరిచిపోయిన కళ్ళజోడు పట్టుకుని అది వెనకాలే పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, అమ్మా" అని అరిచిందట. నేను ఆగానట. ఆగి, ఎదురుగా ఉన్న రోడ్డు వైపు అటూ ఇటూ చూస్తూ, ఎవరు పిలిచారా అని వెతుకుతూ నిలబడ్డానట. చివరికి అదే నా ముందుకొచ్చి కళ్ళజోడు చేతిలో పెట్టి, "ఒకసారి చెవుల డాక్టరుకు చూపించుకో" అంది.

నా చెవులకేం, బాగానే ఉన్నాయి. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి మనసంతా మోతీ దగ్గరే ఉంది. మోతీ ఒక కుక్క. పిలిస్తే వచ్చేలా దాన్ని తయారు చేసింది నేనే. ఆ కథలో తప్పెవరిదో, అసలు తప్పనేది ఉందో లేదో, ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

అప్పట్లో మేం ఇప్పుడు హైటెక్ సిటీ అంటున్న చోటికి దగ్గర్లో ఒక ఊళ్ళో కిరాయికి ఉండేవాళ్ళం. ఊరంటే నిజంగా ఊరే. ఎటు చూసినా బండరాళ్ళు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, పొద్దున్నే రోడ్డుకు అడ్డంగా గొర్రెల మందలు. దూరంగా గుండ్రటి భవనం ఒకటి లేస్తూ ఉండేది. అందులో కంప్యూటర్లు పెడతారని అందరూ చెప్పేవాళ్ళు. కంప్యూటర్లకు అంత పెద్ద ఇల్లెందుకో మాత్రం ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. మా నాన్న ప్లాట్ల వ్యాపారం చేద్దామని రాయలసీమ నుంచి వచ్చాడు. ఆయన వెంట అమ్మ, నేను, ఆయన్ను కన్న మా జేజి.

జేజికి ఆ ఊళ్ళో ఏదీ నచ్చేది కాదు. నీళ్ళు చప్పన, మిరపకాయలు చప్పన, మనుషుల మాట కూడా చప్పన అనేది. మా ఊరి నుంచి రాగిపిండి మూట తెప్పించుకుని, రోజూ సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి, నూరేది. ఆ వేయించిన చెనిక్కాయల వాసన, కాలిన ఎండుమిరపకాయల ఘాటు, వీధి చివరి దాకా పోయేవి. అంతకంటే ముఖ్యమైన పని ఒకటి జేజికి రోజూ ఉండేది. నాన్నను శకునం చూసి బయటికి పంపడం.

నాన్న చంకలో సంచీ పెట్టుకుని గడప దగ్గర నిలబడేవాడు. జేజి వీధిలోకి తొంగి చూసి, ఎదురుగా ఎవరొస్తున్నారో లెక్క కట్టి, "ఇప్పుడు పో నాయనా" అనేది. ఒంటి తుమ్ము వినపడితే ఆగాలి. "ఎక్కడికి" అని ఎవరూ అడక్కూడదు. అన్నిటికంటే పెద్ద దోషం, బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవడం. పొరపాటున పిలిచామా, ఆయన మళ్ళీ ఇంట్లోకి రావాలి, చెప్పులు విడవాలి, మంచం మీద కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగాలి, మళ్ళీ కొత్తగా బయల్దేరాలి. నాన్న ఎంత తొందరలో ఉన్నా అదంతా చేసేవాడు. చదువుకున్నవాడే. అయినా ప్లాట్ల బేరం ఎప్పుడు కుదురుతుందో ఎందుకు చెడుతుందో ఆయనకూ తెలిసేది కాదు. తెలియని చోట జేజి మాటే చెల్లేది.

మేం కిరాయికున్న ఇంటి యజమాని ఆ ఊరివాడే. నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండేది, నన్ను బిడ్డా అని పిలిచేవాడు, నేను తాతా అనేదాన్ని. ఆయన పక్క వాటాలో ఒక్కడే ఉండేవాడు. ఊరి చివర ఉన్న పొలాన్ని అంతకు ముందే అమ్మేశాడు. మోతీ ఆ పొలం కుక్క. ఎర్రమట్టి రంగు, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి ఉండేది. పొలం ఉన్నన్నాళ్ళూ దానికి మంచె కిందే నిద్ర. పొలం పోయాక తాత ఇంటికి తీసుకొచ్చాడు గానీ, దానికి ఇల్లంటే ఏమిటో అర్థం కాలేదు. పొద్దున లేస్తే పొలానికే పోయేది.

ఆ పొలంలో అప్పుడు బండలు పేలుస్తుండేవాళ్ళు. మధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి విజిల్ ఊదేవాళ్ళు, ఎర్రగుడ్డ ఊపేవాళ్ళు, తర్వాత ఢమ్మని నేల అదిరేది. మా వంటింట్లో గిన్నెలు మోగేవి. కాసేపటికి పేలుడు మందు వాసన గాల్లో తేలుతూ వచ్చి జేజి ఊరిబిండి వాసనతో కలిసిపోయేది. ఒకరోజు పేల్చే మనిషే వచ్చి తాతతో గొడవపడ్డాడు. కుక్క అడ్డం వచ్చి పని ఆగిందట, ఈసారి ఆపనన్నాడు.

తాత చుట్ట ఆర్పేసి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏం జెయ్యాలె బిడ్డా? పొలం అమ్మిన్నని దానికెట్ల తెలుస్తది? పిలిస్తె రాదు, కొడితె పోదు. ఇగ బాచుపల్లిల నా బిడ్డ ఇంటికి పంపుత. ఆడ కొట్టంల గొలుసేసి కడ్తరు."

"ఎన్నాళ్ళు కడతారు తాతా?"

"ఎన్నాళ్ళేంది? బతికినన్నాళ్ళు."

నాకు ఏడుపొచ్చింది. ఆ ఊళ్ళో నాకున్న స్నేహం అదొక్కటే. బడిలో పిల్లలు నా మాట విని నవ్వేవాళ్ళు, నేను వాళ్ళ మాటకు బిక్కమొహం వేసేదాన్ని. మోతీ నవ్వేది కాదు. నేను తాత చేయి పట్టుకుని, పిలిస్తే వచ్చేలా నేను నేర్పుతాను, పంపొద్దు అన్నాను.

"నీతోని అయితదా?"

"అయితది" అన్నాను, ఆయన యాసలోనే. తాత నవ్వి, సీతాఫలాలు అయిపోయేదాకా చూద్దాం అన్నాడు. అప్పటికి కాయలింకా కళ్ళు తెరవలేదు.

నేను ఆ రోజే మొదలుపెట్టాను, ఆ రోజే పెద్ద రభస అయింది. నాన్న ప్లాటు కొనే పార్టీ ఎవరినో కలవడానికి బయల్దేరాడు. మోతీ ఆయన వెనకాల తోక ఊపుకుంటూ పోతోంది. నేను గుమ్మంలో నిలబడి, గొంతెత్తి "మోతీ, ఇటు రా" అన్నాను. మోతీ తిరిగి చూడలేదు. నాన్న ఆగిపోయాడు.

"నన్నా, కుక్కనా నువ్వు పిలిచింది?" అన్నాడు.

"కుక్కనే నాన్నా."

ఇది పిలిచినట్టా కాదా అని ఆయనకు అనుమానం. జేజి వైపు చూశాడు. జేజి కొంచెం ఆలోచించి తీర్పు చెప్పింది. "కుక్కనైతే ఏంది, మనిషినైతే ఏంది? ఎనక నించి పిలుపు పడె గదా, నీ చెవినా పడె గదా. లోపలికి రా నాయనా, నీళ్ళు తాగిపో."

నాన్న నీళ్ళు తాగి వెళ్ళాడు. ఆ రోజు బేరం చెడింది. సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు. అమ్మ నన్ను కసిరింది. జేజి మాత్రం దగ్గర కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పింది.

"సూడు పాపా, పొయ్యేదాన్ని ఎనక నించి పిలవగూడదు. కుక్క కూడా పనిమీదే పోతాంటాది. దాని పని మనకు తెలీదు, అంతే. నువ్వు ముందుకు పొయ్యి, ఎదురుగా నిలబడి పిలువు. ఎదురుపిలుపు మంచిది."

అలా మోతీ చదువు ఎదురుపిలుపుతో మొదలైంది. అది వీధిలో పోతుంటే నేను ఇళ్ళ వెనక నుంచి, బండల పక్క నుంచి, సీతాఫలం పొదల మధ్య నుంచి పరిగెత్తి దానికంటే ముందు తేలేదాన్ని. మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలో రొట్టెముక్కో సంగటి ముద్దో చూపించి, "మోతీ, రా" అనేదాన్ని. మోచేతులు గీరుకుపోయేవి, గౌను చినిగేది. దారిన పోయేవాళ్ళు "దొంగాట ఆడుతున్నవా ఏంది?" అని నవ్వేవాళ్ళు. వాళ్ళకు నియమం ఎలా చెప్పాలో తెలియక నేనూ నవ్వేదాన్ని.

నాకు బోలెడు సందేహాలు వచ్చేవి. అది గుండ్రంగా తిరుగుతుంటే ఏది ముందు, ఏది వెనక? పడుకుని ఉంటే? జేజి దేనికీ తడుముకునేది కాదు. "పండుకున్నదాన్ని అసలే పిలవగూడదు. లేసినాక పిలువు" అనేది. చెబుతూనే చేతిలోని సంగటి మీద నెయ్యి వేసి, "ఇదీ పెట్టు, వాసనకు వస్తాది" అని ఇచ్చేది. కుక్కంటే ముట్టుకోని మనిషి, కుక్కకు నెయ్యి వేసేదాకా వచ్చింది.

మొదట్లో మోతీ ముద్ద కోసం వచ్చేది. తర్వాత ముద్ద లేకపోయినా వచ్చేది. పేరు వినగానే తోక కదిలేది, వాలిన చెవి కూడా కొంచెం లేచేది, తల ఎత్తి ముందుకు చూసి, నేను కనపడగానే పరిగెత్తుకొచ్చి నా ఒళ్ళో తల దూర్చేది. దాని ఒంటి మీద మట్టి వాసన, ఎండ వాసన. అంత సంతోషం నాకు ఆ ఊళ్ళో ఇంకెక్కడా దొరకలేదు. సీతాఫలాలు కళ్ళు తెరిచేనాటికి తాత చూస్తుండగా పొలం దారిలో పోతున్న మోతీకి ఎదురెళ్ళి పిలిచి తీసుకొచ్చాను. తాత చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

"శెభాష్ బిడ్డా! ఇగ ఫికర్ లేదు. ఇది యాడికి పోదు" అన్నాడు.

కాయలు తెంపుకొచ్చి బియ్యం డబ్బాలో దాచాను. మోతీ ఉండిపోతుందన్న ధీమాతో అమ్మ తిట్లు కూడా తియ్యగా అనిపించాయి.

ఆ మరుసటి ఆదివారమే, అమ్మిన పొలం గట్టున ఇంకా మిగిలిన చెట్లకు పండ్లున్నాయని తాత నన్ను వెంట తీసుకెళ్ళాడు. మోతీ మాకంటే చాలా ముందు నడుస్తోంది, తల దించుకుని, నిజంగానే పనిమీద పోతున్నట్టు. గట్టు ఇంకా రాకముందే విజిల్ మోగింది. ఆదివారం పని ఉండదనుకున్నాం. బండ మీద ఒక మనిషి ఎర్రగుడ్డ ఊపుతూ, వెనక్కి పొమ్మని మా వైపు అరుస్తున్నాడు. తాత నన్ను పట్టుకుని బండ చాటుకు లాగాడు. మోతీ ఆగలేదు. దాని పొలానికి అది పోతోంది.

"పిలువు బిడ్డా! నీ మాట ఇంటది గదా, పిలువు!"

పొయ్యేదాన్ని వెనక నుంచి ఎలా పిలవడం? ముందుకు పోదామని చేయి విదిలించుకున్నాను. తాత వదల్లేదు. ఎన్నడూ పట్టనంత గట్టిగా పట్టుకున్నాడు. రెండో విజిల్ మోగింది. అప్పుడు అరిచాను. "మోతీ, రా! మోతీ!"

మోతీ విన్నది. అందులో నాకు అనుమానం లేదు. టక్కున ఆగింది. తోక కదిలింది, వాలిన చెవి లేచింది. తల ఎత్తి ముందుకు చూసింది. అటు చూసింది, ఇటు చూసింది. నేను ఎప్పుడూ ముందు నుంచే కదా పిలుస్తాను. ఆ బండల వెనక ఎక్కడో ఉండి ఉంటాననుకుంది కాబోలు, నన్ను వెతుక్కుంటూ ముందుకే పరిగెత్తింది. రోజూ నా దగ్గరికి ఎలా పరిగెత్తుకొచ్చేదో అచ్చం అలాగే, సంతోషంగా.

తర్వాత ఢమ్మంది. ఆకాశం నుంచి రాళ్ళు రాలాయి. దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. తాత నా తల తన కడుపులో దాచేసుకుని ఏదో అంటున్నాడు. నాకు చుట్ట వాసన, మందు వాసన మాత్రమే గుర్తున్నాయి.

పొద్దు వాలే వేళకు మోతీ తనంతట తనే ఇంటికొచ్చింది. ఒళ్ళంతా బూడిద రంగు దుమ్ము, ఒక చెవిలో ఎండిన నెత్తురు. ఎక్కడా దెబ్బ లేదు. కావలించుకుని ఏడ్చాను. తాత పళ్ళెం మోగించాడు, మోతీ కదల్లేదు. తలుపు ధడాలున వేశాడు, కదల్లేదు. అప్పుడు ఆయనకు అర్థమై అరుగు మీద కూలబడ్డాడు.

"నేను కట్టేసేదుండె. చెవులన్న ఉండేటియి" అని కళ్ళు తుడుచుకున్నాడు.

జేజి లెక్క వేరు. "ఎనక నించి పిలిస్తివి గదా, అందుకే చెవులు పాయ" అంది. అన్నదే గానీ నా తల నిమురుతూనే ఉంది. అదే రోజు సాయంత్రం నాన్న మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చాడు. ఎప్పటి నుంచో తేలని పెద్ద బేరం ఆ రోజే కుదిరింది. జేజి దేవుడికి దణ్ణం పెట్టి, "నాయనకు రావాల్సింది కుక్క మీదికి పాయ" అని ఇంకో మాట చెప్పింది.

నేను దేన్ని నమ్మాలి? వెనక నుంచి పిలిచినందుకు కీడు జరిగిందా, వెనక నుంచి పిలిస్తే రావడం నేర్పనందుకు జరిగిందా? నేను నోరు మూసుకుని ఉంటే అది తన పొలం గట్టు మీద ఎక్కడో ఆగి చెవులు దక్కించుకునేదా? నాన్న బేరానికీ మోతీ చెవులకూ సంబంధమేమిటి? అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు, అన్నీ నిజమే అనిపించాయి. ఇప్పటికీ అలాగే అనిపిస్తాయి.

ఒక్కటి మాత్రం ఎవరూ అనుకోనిది జరిగింది. నేను ఎదురుగా వెళ్ళి నిలబడితే మోతీ వచ్చేది. "మోతీ, రా" అని నేను పైకే అనేదాన్ని, అనకుండా ఎలా పిలవాలో నాకు చేతకాలేదు. దానికి నా పెదవులు కనపడేవేమో, మొహమే కనపడేదేమో, పరిగెత్తుకొచ్చి ఒళ్ళో తల పెట్టేది. అది మొదటి నుంచీ నా గొంతుకు వచ్చిందో, నా మొహానికి వచ్చిందో తెలియదు. బాచుపల్లి మాట తాత మళ్ళీ ఎత్తలేదు. "ఇగ నాతోనే ఉంటది, నా చెవులు గూడ మందమైతున్నయి, ఇద్దరం చెవిటోళ్ళమే" అన్నాడు.

ఆ బేరం తర్వాత నాన్న మియాపూర్‌లో సొంత ఫ్లాటు తీసుకున్నాడు. అక్కడ కుక్కలు కుదరవన్నారు. అయినా మోతీ తాత కుక్క, అడగడానికి నాకు హక్కేముంది? సామాను ఒక టెంపోలో ఎక్కించారు. అమ్మ నాన్న ముందు డ్రైవరు పక్కన కూర్చున్నారు. నేను, జేజి వెనక పరుపుల మూటల మధ్య, వీధి వైపు మొహం పెట్టి కూర్చున్నాం. తాత గేటు దగ్గర నిలబడి చేయి ఊపాడు. ఆయన కాళ్ళ దగ్గర మోతీ.

టెంపో కదిలింది. నేను నోరు తెరవలేదు, చేయి కూడా ఊపలేదు. కానీ మోతీకి ఎదురుగా నా మొహం ఉంది. అది తోక ఊపింది, వాలిన చెవి లేచింది, పరుగు అందుకుంది. తాత వెనక నుంచి "మోతీ, మోతీ" అని అరుస్తున్నాడు. దానికేం వినపడుతుంది? నేను "పో, వెనక్కి పో" అని ఏడుస్తున్నాను. నా పెదవులు కదిలేసరికి పిలుస్తున్నాననుకుని ఇంకా జోరుగా వస్తోంది. రమ్మనడం నేర్పాను, పొమ్మనడం నేర్పలేదు. టెంపో పెద్ద రోడ్డు ఎక్కుతోంది, పక్క నుంచి రాళ్ళ లారీలు పోతున్నాయి.

"మొగం తిప్పుకోమే" అంది జేజి. "నీ మొగం కనపడినంత సేపు అది వస్తానే ఉంటాది. తిరుక్కో."

నేను తిరిగి పరుపుల మూటలో మొహం పెట్టుకున్నాను. జేజి నా నెత్తి మీద చేయి అదిమి పెట్టింది. పరుపులో ఊరిబిండి వాసన, మా పాత వంటింటి పొగ వాసన. టెంపో ఊగుతూ పోతోంది. లారీ హారన్లు తప్ప ఏమీ వినపడటం లేదు. చాలాసేపటికి అడిగాను.

"జేజీ, అది ఆగిందా?"

"ఆగింది లేమే. ఇంటికి పాయ" అంది జేజి.

ఆ మాట పట్టుకుని మియాపూర్ దాకా పోయాను. టెంపో దిగేటప్పుడు ఆమె నా తల మీద చేయి తీస్తే, అప్పుడు చూశాను. జేజి కూడా నాతో పాటే ముందుకు తిరిగి, అదే పరుపుల మూటకు మొహం ఆనించి కూర్చుని ఉంది.